అర్జీ పట్టుకుని డెబ్బై ఏళ్లు

1956 నవంబరు 1న కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రం, హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. నీలం సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి. ఆ లెక్కన ఈ నవంబరు 1కి డెబ్బై ఏళ్లు. 2014 జూన్ 2న తెలంగాణ వేరుపడ్డాక ఈ తారీఖు ఒక రాష్ట్రానికే పండగ. రెండో రాష్ట్రానికి దీనితో ఉన్న పేచీ అందరికీ తెలిసిందే, ఆ పేచీ తీర్చడం మా పని కాదు. కలిసున్న యాభై ఏడున్నరేళ్లలోనూ, వేరుపడ్డాక ఈ పన్నెండేళ్లలోనూ జనం బతుకులు బాగు చేస్తామంటూ ప్రభుత్వాలు ఎన్నో సంస్కరణలు తెచ్చాయి. వాటిలో ఏవి నిలబడ్డాయి, ఏవి చేతిలోంచి జారిపోయాయి, ఎందుకు జారిపోయాయి అన్నది ఇవాళ ఒకసారి తీరిగ్గా చూసుకోవాలి.

చూడటానికి ఒక కొలబద్ద కావాలి కదా. తలసరి ఆదాయం చూడొచ్చు, వేసిన రోడ్లు లెక్కపెట్టొచ్చు. మేం పెట్టుకున్న కొలబద్ద ఇంకొకటి. మామూలు మనిషి తనకు దక్కాల్సింది దక్కించుకోవడానికి ఏమేం రుజువు చేసుకోవాలి? ఎవరి సంతకం కోసం కాచుకోవాలి? ఎన్నిసార్లు 'రేపు రా' అనిపించుకోవాలి? డెబ్బై ఏళ్ల చరిత్రను ఈ ప్రశ్నలతో తిరగేస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రుజువు చేసుకునే భారం జనం నెత్తి మీంచి ఎంత దిగితే, ఆ సంస్కరణ అంత బాగా నడిచింది. ఆ భారం దించని చోట ఎంత గొప్ప చట్టమైనా బీరువా దాటి రాలేదు.

ముందు భూమి దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అన్ని సంతకాలూ అక్కడే మొదలయ్యాయి. కోస్తాలో, సీమలో కరణం, మునసబు. తెలంగాణలో మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ. తండ్రి తర్వాత కొడుక్కి వచ్చే పదవులు. ఊరి భూముల చిట్టా కరణం ఇంట్లో ఉండేది. అడంగల్లో ఏ సర్వే నంబరు ఎదుట ఎవరి పేరు రాయాలో ఆయన కలానికే తెలుసు. నకలు కావాలన్న రైతు ఆ అరుగు కింద నిలబడి, అయ్యగారి భోజనం అయ్యేదాకా ఆగి, కూరగాయల బుట్టో నేతి గిన్నో అప్పజెప్పి, మళ్లీ వారం రమ్మంటే సరేనని వెళ్లిపోయేవాడు. ఆ కాలం మనుషులు చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు, అడిగితే చెబుతారు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఈ గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. వాళ్లు కోర్టుకెక్కారు. 1985లో సుప్రీంకోర్టు రద్దును సమర్థించింది. అదే ఏడు మూడొందల పైచిలుకు తాలూకాల స్థానంలో దాదాపు 1,100 మండలాలు వచ్చాయి. తాలూకా కచేరీకి పోవాలంటే తెల్లారగట్లే సద్దిమూట కట్టుకుని, పని కాకపోతే రాత్రి ఏ సత్రంలోనో పడుకుని రావాల్సిన మనిషి, మండలాఫీసుకు పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరగలిగాడు. పని అయ్యేదా కాదా అన్నది వేరే సంగతి, దూరం మాత్రం నిజంగానే తగ్గింది.

ఆ తర్వాత కథ అంత సాఫీగా సాగలేదు. కరణం పోయాక వేర్వేరు పేర్లతో గ్రామ రెవెన్యూ ఉద్యోగి వచ్చాడు. వీఆర్వో వ్యవస్థ అవినీతి పుట్ట అని 2020 సెప్టెంబరులో తెలంగాణ దాన్ని ఎత్తేసింది. 2020 అక్టోబరు 29న భూరికార్డుల ధరణి పోర్టల్ మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట ఒకే రోజు జరగడం ధరణితో వచ్చిన మేలు, దాన్ని కాదనకూడదు. కానీ పహాణీలో తరతరాలుగా ఉన్న అనుభవదారు కాలమ్ మాయమైంది. రికార్డు ఎక్కించేటప్పుడు దొర్లిన చిన్న తప్పు దిద్దుకోవడానికి కూడా తహసీల్దారును దాటి కలెక్టర్ దాకా వెళ్లాల్సి వచ్చింది. తెల్లకాగితం మీద భూమి కొనుక్కుని పాతికేళ్లుగా దున్నుకుంటున్న సాదా బైనామా రైతులు లక్షల్లో అర్జీలు పెట్టుకుని కూర్చున్నారు. ఒకప్పుడు ఊళ్లో ఉన్న మనిషిని బతిమాలుకునేవాళ్లు. ధరణిలో బతిమాలుకోవడానికి ఎదుట మనిషే లేడు, తెర మీద ఒక వరస కనబడుతుంది, అంతే. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అదే ఏడు గ్రామ పాలనాధికారులన్న పేరుతో ఊరికో రెవెన్యూ మనిషి మళ్లీ వచ్చాడు. ఖాళీ చేసిన కుర్చీలోకే తిరిగొచ్చామని ఎవరూ పైకి అనలేదు.

ఆంధ్రప్రదేశ్ వేరే దారి పట్టింది. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో రాళ్లు పాతుతూ రీసర్వే మొదలైంది. బ్రిటిష్ కాలం తర్వాత ఊరూరా గొలుసు పడింది లేదు కాబట్టి పని అవసరమైనదే. భూ యాజమాన్య హక్కు చట్టం 2023 అక్టోబరు చివర్లో అమల్లోకి వచ్చింది, 2024 ఎన్నికల్లో అదే పెద్ద రగడ అయింది, కొత్త ప్రభుత్వం రాగానే రద్దయింది. చట్టంలో ఏముందో చదివినవాళ్లు తక్కువ, భయపడ్డవాళ్లు ఎక్కువ. ఆ భయం వెనక కూడా ఇదే లెక్క ఉంది: నా భూమి నాదేనని మళ్లీ నేనే ఎవరి దగ్గరో రుజువు చేసుకోవాలా అన్నది రైతు అనుమానం. ఆ అనుమానం తీర్చకుండా పాసుపుస్తకం అట్ట మీద ఎవరి బొమ్మ ఉండాలన్న దాని మీద రెండు పక్షాలూ పెట్టిన శ్రద్ధ చూస్తే నవ్వొస్తుంది.

ఇక బియ్యం. బియ్యం చవగ్గా ఇస్తామన్న మాట మొదట అన్నది మనవాళ్లు కాదు, 1967లో మద్రాసులో అన్నాదురై రూపాయికి పడి బియ్యం అని ఓట్లడిగారు. కానీ ఆ మాటను ఏళ్ల తరబడి నిలిపి, రాష్ట్రమంతా విస్తరించి, పల్లె బతుకులో భాగం చేసింది మాత్రం తెలుగు నేల. 1983 ఏప్రిల్లో కిలో 2 రూపాయలకు మొదలైన బియ్యం 1996లో 3 రూపాయల 50 పైసలైంది, 2008లో మళ్లీ 2 రూపాయలకు వచ్చింది, 2011లో సరిగ్గా ఇదే నవంబరు 1న కిలో రూపాయి అయింది. 2013లో పార్లమెంటు ఆహార భద్రత చట్టం చేసి మనిషికి 5 కిలోలు, కిలో 3 రూపాయలు అంది. 2023 జనవరి నుంచి దేశమంతా ఉచితం. ముప్పై ఏళ్ల కింద ఖజానా దివాలా తీస్తుందని మొత్తుకున్న పెద్దమనుషుల వాదన ఇవాళ ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ వినబడదు.

ఈ బియ్యం కడుపు నింపింది అనడంతో సరిపెడితే సగమే చెప్పినట్టు. వానాకాలం పనులు లేని రోజుల్లో కూలి కుటుంబం ఆసామి ఇంటికెళ్లి గింజలు అప్పు తెచ్చుకునేది. ఆ అప్పు పేరున కోతల కాలంలో ఆయన చెప్పిన కూలికి ఆయన పొలానికే పోవాలి. ఇంట్లో పాతిక కిలోల బియ్యం ఉన్న రోజున, 'ఆ కూలికి రాను దొరా' అనే మాట గొంతులోంచి వచ్చింది. కూలి రేట్ల పెరుగుదలకు కారణాలు చాలా ఉండొచ్చు, కానీ ఆ మాట నోట రావడానికి బియ్యం బస్తా ఇచ్చిన ధైర్యం ఏ సర్వే పట్టికలోనూ పూర్తిగా పట్టదు.

డీలరు తూకం సంగతి మాత్రం మొదటినుంచీ అనుమానమే. నెలలో రెండు రోజులు కొట్టు తీసి మూడో రోజు 'స్టాకు అయిపోయింది' అనేవాడు. చనిపోయినవాళ్ల పేరున, ఊళ్లో లేనివాళ్ల పేరున బియ్యం దారి మళ్లేది. 2015 తర్వాత ఈ-పాస్ యంత్రాలు వచ్చాక ఆ దొంగ కార్డుల బెడద బాగా తగ్గింది, ఒప్పుకోవాల్సిందే. అయితే రుజువు భారం కార్డుదారు వేలి మీదికి వచ్చి పడింది. ఏళ్ల తరబడి మిరపకాయలు కోసి, పత్తి తీసి, అంట్లు తోమి గీతలు అరిగిపోయిన వేళ్లున్న ముసలమ్మను రేషన్ కొట్టు దగ్గర ఎవరైనా చూసే ఉంటారు. ముందు కుడి బొటనవేలు, తర్వాత ఎడమది. డీలరు తడిగుడ్డ అందిస్తాడు, 'కొంగుకు తుడిచి గట్టిగా నొక్కు అవ్వా' అంటాడు. యంత్రం ఒప్పుకోదు. వెనక వరసలోవాళ్లు విసుక్కుంటారు. ఊరంతా ఎరిగిన మనిషి, ఆమె ఆమేనని చెప్పడానికి పదిమంది ఉన్నారు, కానీ ఆ పదిమంది మాట యంత్రానికి ఎక్కదు. కనుపాప చూసే యంత్రం, వీఆర్వో ధ్రువీకరణ వంటి దారులు తర్వాత తెరిచారు. అవి తెరిచేలోపు ఒట్టి సంచీతో ఇంటికి పోయిన నెలల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. దొంగను పట్టుకోవాల్సిందే. దొంగను పట్టే ఖర్చు సర్కారు కట్టాలి గాని, దొంగ కానివాళ్లు కాదు.

బియ్యాన్ని ఇంటి ముందుకు తేవాలని ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో బండ్లు పెట్టారు. నిజానికి బండి వీధి చివర ఆగేది, కూలికి పోయినవాళ్లకు ఆ రోజు తప్పిపోయేది. 2025 జూన్ నుంచి బండ్లు ఆపి మళ్లీ కొట్లు తెరిచారు; 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు ఇంటికే అన్నారు. ఆ చివరి ముక్క ముందే తట్టి ఉంటే నాలుగేళ్ల ఖర్చు మిగిలేది. తెలంగాణ 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టింది. పేదవాళ్లకు దొడ్డు బియ్యం చాలులే అన్న నలభై ఏళ్ల ఆలోచనను ఇది పక్కకు నెట్టింది. దొడ్డు బియ్యం ఇంట్లో వండక, కిలో ఇంతని వ్యాపారికి అమ్మితే, అవి మిల్లుకెళ్లి పాలిష్ అయి మళ్లీ ప్రభుత్వ గోదాముకే చేరే విచిత్రం అందరికీ తెలుసు. తినే బియ్యం ఇస్తే జనం తింటారు. ఇంత చిన్న సంగతికి ఇంతకాలం పట్టింది.

బియ్యం ఇచ్చిన చేయే సారా కూడా పోసిందని ఈ కథలో మరిచిపోకూడదు. 1980లలోనే వారుణివాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి పల్లె పల్లెకూ చేర్చారు. చవగ్గా కొన్న బియ్యంలో మిగిలిన రూపాయి ప్యాకెట్టుకు పోయింది. దాన్ని ఆపమని ఏ కమిటీ సిఫారసు చేయలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు, అక్షరాస్యత వాచకంలో సారాకు బలైన సంసారం గురించిన పాఠం చదువుకుని, అది తమ సంగతే అనుకున్నారు. సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. 1992కల్లా సారా వేలంపాటలు జరగనివ్వని స్థితి వచ్చింది. 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కర రెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత. ఇవాళ రెండు రాష్ట్రాల ఖజానాలకూ మద్యం పెద్ద ఆదరువు. సంక్షేమానికి పెట్టే డబ్బులో ఒక భాగం అదే ఇంటి మగాడి జేబులోంచి తీసిందే. ఈ మాట అసెంబ్లీలో ప్రతిపక్షంలో ఉన్నవాళ్లే అంటారు. కుర్చీ మారగానే మాటా మారుతుంది. డెబ్బై ఏళ్లలో జనమే ముందు నడిచి ప్రభుత్వాన్ని వెంట లాక్కెళ్లిన సంస్కరణ చెప్పమంటే సారా నిషేధాన్నే ముందు చెప్పాలి. అందులోనూ బలం ఇదే: వాళ్లు అర్జీ పెట్టలేదు, కొట్టు ముందు నిలబడ్డారు.

వైద్యంలో రెండు పనులు అర్జీ లేకుండా నడిచాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. ఫోన్ చేసినవాణ్ణి నీ కులమేంటి, కార్డేది అని అడగని ప్రభుత్వ సేవ అంతకుముందు మనకు అలవాటు లేదు. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు అదే నంబరు పట్టుకున్నాయి. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్లకార్డు చేతిలో ఉంటే గుండె ఆపరేషన్‌కు కార్పొరేట్ ఆస్పత్రి తలుపు తెరుచుకుంది. అప్పటిదాకా పొలం అమ్ముకోవడం, ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం పట్టుకుపోవడం, ఈ రెండే దారులు. ప్రభుత్వాసుపత్రులకు పోవాల్సిన డబ్బు ప్రైవేటుకు పోయిందన్న విమర్శలో నిజం ఉంది. ఆ డబ్బుతో జిల్లా ఆస్పత్రిలోనే గుండె వైద్యుణ్ణి నిలబెట్టాల్సింది. అయినా సిఫారసు ఉత్తరం అక్కర్లేకుండా పోయిన రోజు చిన్న రోజు కాదు.

తలుపు తెరుచుకున్నాక లోపల ఏం జరుగుతోందో చూసే పని మాత్రం ప్రభుత్వాలు వదిలేశాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. మంత్రసాని చేతిలో ప్రాణాలు పోయిన కాలం గడిచింది, సంతోషం. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కడుపుకోత కాన్పులు. దేశ సగటు 21.5. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. బియ్యం కొదవ లేని ఇళ్లలో రక్తం కొదవగా ఉందన్నమాట. పళ్లెంలో అన్నం పక్కన పప్పు, గుడ్డు, ఆకుకూర ఎంత ఉంటోందన్నది ఈ నలభై ఏళ్లలో రేషన్ విధానం గట్టిగా అడగని ప్రశ్న. ఇక పాడేరు కొండల మీద, రోడ్డు లేని గూడేల్లో నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తున్న ఫొటోలు పత్రికల్లో ఇంకా పడుతూనే ఉన్నాయి. 108 రోడ్డు ఉన్నంత మేరే వస్తుంది.

నీళ్ల సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. పళ్లు గారపట్టి, వెన్ను వంగిపోయే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యులు 1937లోనే రాశారు. ఆ పల్లెలు అప్పటి నెల్లూరు జిల్లావి. నల్లగొండలోనూ అదే జబ్బని 1940లలో తెలిసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ జిల్లా గుండానే పారింది. కానీ కాలువకన్నా ఎత్తున ఉన్న మర్రిగూడ, మునుగోడు పల్లెలు బోరునీళ్లే తాగాయి. కృష్ణ కిందినుంచి పోతోంది, మీద ఊళ్లో పిల్లల కాళ్లు వంకరపోతున్నాయి. నాగ్‌పూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టారు. జిల్లా పేరు ప్రపంచ సాంకేతిక పుస్తకాలకెక్కింది. ఊళ్లలో పెట్టిన ఆ ప్లాంట్లు పటిక తెచ్చేవాళ్లు, మడ్డి తీసేవాళ్లు లేక ఒక్కొక్కటే మూతపడ్డాయి.

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. నది నీళ్లు శుద్ధిచేసి గొట్టాల్లో ఇంటింటికీ. ఈ పథకం ఖర్చు మీద, నాణ్యత మీద ఎన్ని మాటలైనా ఉండనీ, మర్రిగూడ ఇంట్లో కృష్ణ నీళ్లు నల్లాలో రావడం చరిత్రే. జబ్బు పేరు తెలిసిన నాటినుంచి నల్లా వచ్చేసరికి మూడు తరాలు గడిచాయి. వంగిన ఎముక మాత్రం నల్లా నీళ్లకు తిరిగి సాగదు, ఆ మనుషుల పింఛన్లూ వైద్యమూ ఇంకా చూడాల్సినవే. శ్రీకాకుళం ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. తేలేదాకా ఆగకుండా హిరమండలం రిజర్వాయరు నీళ్లు గొట్టాల్లో తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు, పలాసలో కిడ్నీ ఆస్పత్రి కట్టారు. కారణం రుజువయ్యాకే నీళ్లు అనలేదు, అది మంచి నిర్ణయం. అయితే ఇంత గొట్టం వేశాక కూడా రెండు రాష్ట్రాల్లోనూ ఇరవై లీటర్ల క్యాన్ మోసే ఆటో ప్రతి ఊళ్లో తిరుగుతోంది. నల్లా నీళ్లు కడుక్కోవడానికి, క్యాను నీళ్లు తాగడానికి. నీటి పరీక్ష ఫలితం నెలనెలా పంచాయతీ గోడ మీద రాస్తే ఆ నమ్మకం మెల్లగా వస్తుంది. రాయడానికి సున్నమూ కుంచే చాలు.

ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం గురించి వెటకారాలు చాలా విన్నాం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. బస్సెక్కి ఆధార్ చూపిస్తే జీరో టికెట్, అంతకుమించి కాగితం లేదు. పక్క ఊరి బజారుకు, పట్నంలో పెద్దాసుపత్రికి, పుట్టింటికి వెళ్లడానికి ఇంట్లో డబ్బులడగక్కర్లేని స్త్రీలు ఇన్ని లక్షలమంది ఒక్కసారిగా తయారైన సందర్భం ఇంతకుముందు లేదు. బస్సుల్లో నిలబడే చోటు లేదన్న ఫిర్యాదు నిజం, బస్సులు పెంచాలి. ఆటోవాళ్ల గిరాకీ పడిపోయిందన్నదీ నిజం, దానికి విడిగా దారి చూడాలి. బస్సులో కిక్కిరిసిన జనాన్ని చూసి పథకం తప్పనడం మాత్రం వింత వాదన.

రుజువు భారం మనిషిని ఎలా వెలి వేస్తుందో చూడాలంటే కౌలు రైతు దగ్గరికి వెళ్లాలి. 2018 మే 10న తెలంగాణ రైతుబంధు మొదలుపెట్టినప్పుడు ఎకరాకు పంటకు 4,000 రూపాయలు పట్టాదారు పేరున చెక్కుగా వచ్చాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పట్టాదారుకూ వచ్చాయి, ఆయన పొలంలో దుక్కి దున్నేవాడికి రాలేదు. దరఖాస్తు లేకుండా డబ్బు రావడం గొప్పే, కానీ ఎవరికి అన్నది పాత రికార్డు నిర్ణయించింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాని స్థానంలో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల కార్డుకు భూయజమాని సంతకం తప్పనిసరి చేసింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయనకు భయం. పెట్టమని గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వడేమోనని ఈయనకు భయం. సాయం అందుకునేవాడి రుజువు, సాయం అందకపోయినా నష్టంలేని ఇంకొకరి చేతిలో పెడితే చట్టం ఎంత మంచిదైనా నడవదు. 1978లో పశ్చిమ బెంగాల్ 'ఆపరేషన్ బర్గా' చేసినప్పుడు అధికారులు సాయంత్రం వేళ ఊళ్లలో సభలు పెట్టి, పొలం ఎవరు దున్నుతున్నారో ఊరి సాక్షిగా రాసుకున్నారు. కాదన్న భూస్వామే రుజువు తేవాలని చట్టం అంది. పద్నాలుగు లక్షల పైచిలుకు పేర్లు రికార్డుకెక్కాయి. బెంగాల్ పద్ధతి యథాతథంగా ఇక్కడ కుదరకపోవచ్చు. ఇక్కడి భూయజమాని చాలాచోట్ల రెండెకరాల మాస్టారో, బెంగళూరులో కొడుకున్న విధవరాలో. అయినా పంట నమోదుకు పొలంలో నిలబడి ఫొటో తీస్తున్న ఉద్యోగి, ఆ పొలంలో పార పట్టుకున్న మనిషి పేరు కూడా రాసుకోగలడు.

పథకాల పేర్ల సంగతి ఒక్క మాటలో ముగిద్దాం. ఆరోగ్యశ్రీకి, పింఛనుకు, ఐదు రూపాయల భోజనానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో తెరిచిన అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. ఆ ఐదేళ్లూ ఆకలి సెలవు తీసుకోలేదు.

చదువు దగ్గర మన లెక్క ఇంకా చిన్నబోతుంది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో పీవీ నరసింహారావు హయాంలో గురుకులం పెట్టారు. అక్కడినుంచి వచ్చిన గురుకులాల వరసకు దేశంలో మంచి పేరుంది. కానీ 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత 67 శాతం దగ్గరే ఆగింది, దేశ సగటు 73. ఎంపిక చేసిన పిల్లలకు మంచి బడి పెట్టగలిగాం. పక్కవీధి మామూలు బడిని నిలబెట్టలేకపోయాం.

వచ్చే ఇరవై ఏళ్ల సమస్య ఇప్పటికే గుమ్మంలోకి వచ్చింది. పైన చెప్పిన ఆరోగ్య సర్వేలోనే సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధనను మనమే పెట్టుకుని, మనమే తీసేసుకున్నాం. పిల్లలు గచ్చిబౌలిలోనో డాలస్‌లోనో, తల్లిదండ్రులు కోనసీమలోనో కరీంనగర్‌లోనో. రేపటి సంస్కరణలన్నీ ఆఫీసుకు నడవలేని, ఓటీపీ కనబడని, వేలిముద్ర పడని మనుషుల కోసం రాసుకోవాలి. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టింది, చేతిలో ఫోన్ ఉన్న కోడలికి అది నిజంగానే సుఖం. ఒంటరిగా ఉన్న అత్తకు ఇంకా మనిషే కావాలి. ఆ మనిషి వలంటీరా, సచివాలయ ఉద్యోగా, ఆశా కార్యకర్తా అన్నది పార్టీల గొడవ. ఒకటో తారీఖున పింఛనుతో తలుపు తట్టి, మందులున్నాయా అని కూడా ఒక మాట అడిగే మనిషి ఉంటే చాలు.

ఈ మధ్య వచ్చిన మార్పుల్లో మాకు బాగా నచ్చింది పెద్దగా ప్రచారం లేనిది. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే, భార్యకు మరుసటి నెలనుంచే పింఛను ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 2024 చివర్లో నిర్ణయించింది. అంతకుముందు ఆమె కొత్తగా అర్జీ పెట్టుకుని, మంజూరు విడతకోసం నెలలూ ఏళ్లూ కాచుకునేది. ఇదే పద్ధతి భూమికి ఎందుకు రాదు? రైతు చనిపోతే మరణాన్ని నమోదు చేసేది ప్రభుత్వమే. ఆయన పింఛను ఆ నెలలోనే ఆగిపోతుంది, రేషన్ కార్డులో పేరు పోతుంది; వీటికి ఎవరూ అర్జీ పెట్టరు. ఫౌతీ మ్యుటేషన్‌కు, తెలంగాణవాళ్లు విరాసత్ అనే పనికి మాత్రం ఆ ఇంటివాళ్లు కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెచ్చి, మీసేవలో రుసుం కట్టి, తహసీల్దారు తేదీ కోసం తిరగాలి. తిరగలేక మానేసినవాళ్ల పొలాలు తాతల పేరున ఉండిపోయి, మూడో తరంలో కోర్టుకెక్కుతున్నాయి. మరణం నమోదైన రోజే నోటీసు ఆ ఇంటికి వెళ్లాలి, వారసులెవరో ఊళ్లో విచారించే పని రెవెన్యూ ఉద్యోగిదే కావాలి, అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చి చెప్పుకోవాలి. రెండు రాష్ట్రాల రెవెన్యూ శాఖలూ వచ్చే బడ్జెట్ సమావేశాల్లోగా చేయగలిగిన పని ఇది. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు, కొత్త పేరు పెట్టాల్సిన అవసరం కూడా లేదు.